లాగుడు కారవానుకు స్టెబిలైజరు: ఎంతవరకు ఆసరా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చాలినంత విన్నాం, ఈసారి బళ్ళ గురించి ఏదైనా చెప్పండి అని కార్యదర్శి గారు అడిగారు. అరగంట దాటకూడదని షరతు కూడా పెట్టారు. వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఇరుసుల కింద పడుకుని లేచినవాణ్ణి. బళ్ళ మాట ఎత్తితే నాకు అరగంట చాలదని ఆయనకు తెలుసు. అందుకే ఒక్క చిన్న వస్తువును ఎంచుకున్నాను. కారు వెనక కారవాన్ను తగిలించి లాగేటప్పుడు ఆ తగిలింపు దగ్గర బిగించే స్టెబిలైజరు.

స్టెబిలైజరు అనగానే మనలో చాలామందికి ఫ్రిజ్ పక్కన గోడకు తగిలించిన పెట్టె గుర్తుకొస్తుంది. యూసుఫ్‌గూడలో ఒక విడిభాగాల దుకాణంలో నేను ఈ మాట అంటే, కౌంటరు దగ్గర అబ్బాయి "ఎన్ని టన్నుల ఏసీకి సార్?" అన్నాడు. బస్సుల దగ్గర పనిచేసిన మనకు మాత్రం మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరగకుండా ఇరుసు దగ్గర ఉండే ఉక్కు కడ్డీ గుర్తుకొస్తుంది. అదీ స్టెబిలైజరే. కారవాన్ నిలిపిన చోట నాలుగు మూలలా దించే కాళ్ళను కూడా కొందరు అదే పేరుతో పిలుస్తారు. ఈ మూడింటికీ నేటి విషయానికీ సంబంధం లేదు. నేను చెప్పబోయేది కారు వెనక ఉండే గుండునూ, దానిమీద కూర్చునే గిన్నెనూ గట్టిగా పట్టి ఉంచే సాధనం గురించి.

మన ఫిల్మ్ నగర్‌లో పొద్దున్నే నడకకు వెళ్ళేవారికి కారవాన్లు కొత్త కాదు. సందు మొదట్లో ఒకటి, ఖాళీ స్థలం పక్కన రెండు కనిపిస్తూనే ఉంటాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచేనాటికి ఆ చుట్టుపక్కలంతా రాళ్ళగుట్టలే. ఆ రోజుల్లో అవుట్‌డోర్ షూటింగంటే నటీమణులు ఊళ్ళో ఎవరింట్లోనో, బడి గదిలోనో బట్టలు మార్చుకునేవారు. అదీ దొరక్కపోతే నలుగురు చీర అడ్డం పట్టుకునేవారు. హిందీ చిత్రసీమకు వ్యానిటీ వ్యాన్లను 1990ల మొదట్లో పరిచయం చేసిన ఘనత నటి పూనమ్ ధిల్లాన్‌ది అంటారు. తర్వాత ఆ అలవాటు మనకూ వచ్చింది. కారవాన్ను ఆడంబరం అని వెక్కిరించేవారున్నారు. ఆడవాళ్ళకు తలుపు గడియ వేసుకునే ఒక గది, ఒక మరుగుదొడ్డి ఉండటాన్ని ఆడంబరం అనడం నాకు నచ్చదు.

అయితే మన ఫిల్మ్ నగర్ కారవాన్లలో చాలామటుకు బస్సు చాసిస్ మీదో, లారీ చాసిస్ మీదో కట్టినవి. వాటి ఇంజను వాటికే ఉంది. తగిలింపు లేదు కాబట్టి తగిలింపు స్టెబిలైజరుతో పనీ లేదు. మరి లాగుడు బళ్ళు ఎక్కడున్నాయి? జనరేటరు ట్రైలర్లున్నాయి. కారులో హీరో డ్రైవింగ్ చేస్తున్నట్టు చూపించే సన్నివేశాలకు ఆ కారునే ఎక్కించి లాగే పల్లపు ట్రైలర్లున్నాయి. ఈ మధ్య కాలంలో తక్కువ ఖర్చుతో అవుతుందని రెండు చక్రాల ట్రైలరు మీద మేకప్ గది కట్టించి జీపుతో లాగించేవారూ వచ్చారు. ఇంజను అక్కర్లేదు, షూటింగ్ దగ్గర వదిలేసి జీపును వేరే పనికి పంపవచ్చు. లెక్క బాగానే ఉంది. చిక్కంతా రోడ్డు మీద వస్తుంది.

అలాంటి బండి ఒకటి మా వీధిలోకి వచ్చింది. కట్టించిన అబ్బాయిది భీమవరం వైపు. నన్ను బాబాయి గారూ అంటాడు. ఒకరోజు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "బాబాయి గారూ, విదేశాల నుంచి ఈ స్టెబిలైజరు తెప్పిస్తే తొంభైలో లాగొచ్చా?" అని అడిగాడు. ఎందుకు బాబూ అంటే అసలు సంగతి బయటపడింది. తెల్లవారుజామున రామోజీ ఫిల్మ్ సిటీకి వెళుతుంటే శంషాబాద్ దాటాక అవుటర్ రింగు రోడ్డు మీద, కొంచెం దిగుడులో, ఒక పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి వెనక కారవాన్ ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి ఊగింది. మూడో ఊపుకు జీపు వెనక చక్రాలు కూడా జరిగాయి. వేగం డెబ్భై దగ్గరే ఉందట. డ్రైవరు అదృష్టవంతుడు, పక్క వరస ఖాళీగా ఉంది, ఊపు దానంతట అదే ఆగింది. మర్నాడు ఆ డ్రైవరు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "నాకు ఇద్దరు పిల్లలున్నారు సార్" అన్నాడట.

దీన్ని ఇంగ్లీషువాళ్ళు పాము నడక అంటారు, మన లారీవాళ్ళు తోక ఆడించడం అంటారు. ఇది ఎందుకొస్తుందో తెలియాలంటే పుస్తకాలు అక్కర్లేదు, మన ఎడ్లబండి చాలు. బస్తాలు ముందుకు ఎక్కువ వేస్తే కాడి ఎద్దుల మెడల మీద కుంగుతుంది. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి, మెడ కింది తాడు గొంతుకు బిగుస్తుంది. అందుకే బండి కట్టేవాడు నొగ పట్టుకుని ఒకసారి ఎత్తి చూస్తాడు. ముందుకు కాస్త మొగ్గు ఉండాలి, మరీ ఎక్కువ ఉండకూడదు. కారవానుకూ అంతే. గుండు మీద పడే బరువును ముక్కు బరువు అంటారు. ఇంగ్లండులో కారవాన్ మొత్తం బరువులో నూటికి 5 నుంచి 7 వంతులు ముక్కు మీద ఉండాలంటారు. బళ్ళు, తగిలింపులు వేరు కాబట్టి అమెరికాలో 10 నుంచి 15 వంతులు అంటారు. తగిలింపు మోయగల గరిష్ఠ బరువు దాని రేకు మీద చెక్కి ఉంటుంది. దాన్ని దాటకూడదు. దాటితే జీపు వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు చేతికి తేలికగా తగులుతుంది. ఆ తేలికదనం చూసి సంతోషించేవాడికి బండి ఇవ్వకూడదు.

అబ్బాయి బండిని కొలిచాం. పెద్ద యంత్రం ఏమీ లేదు. కారవాన్ను సమతలం మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, గిన్నె కింద గట్టి కర్ర ముక్క నిలబెట్టి, ఆ కర్ర కింద స్నానాల గదిలో ఒళ్ళు చూసుకునే కాటా పెట్టాం. లాగేటప్పుడు గిన్నె ఎంత ఎత్తులో ఉంటుందో కొలిచేటప్పుడూ అంతే ఎత్తులో ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నీళ్ళ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కారవాన్ బరువు ధర్మకాటా మీద 1400 కిలోలు. ముక్కు మీద 95 కిలోలు వచ్చింది. నూటికి దాదాపు ఏడు వంతులు, కట్టినవాడు తెలివైనవాడే అనుకున్నాం.

తర్వాత ట్యాంకు నింపమన్నాను. 200 లీటర్ల ట్యాంకు. మరుగుదొడ్డి వెనక గదిలో ఉంది కాబట్టి గొట్టాల ఖర్చు కలిసొస్తుందని ట్యాంకును కూడా వెనక గోడకే బిగించారు. ఇరుసు నుంచి గిన్నెకు 4 మీటర్లు, ఇరుసు నుంచి ట్యాంకుకు 2 మీటర్లు. చిన్నప్పుడు చదువుకున్న తూనిక సూత్రమే. 200 కిలోలను 2తో గుణించి 4తో భాగిస్తే 100. అంటే నిండు ట్యాంకు ముక్కు మీది బరువులో 100 కిలోలు తీసేస్తుంది. ఉన్నది 95. లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అబ్బాయి నమ్మలేదు. వెనక భాగం నేలకు కొట్టుకోకుండా జాకీ ఆసరా పెట్టి నీళ్ళు వదిలాం. ట్యాంకు నిండుతుండగా కాటా ముల్లు తొంభై నుంచి డెబ్భైకి, నలభైకి, పదికి దిగింది. చివర్లో కర్ర ముక్క దానంతట అదే పక్కకు పడిపోయింది. ముక్కు పైకి లేచింది. ఆ బండి శంషాబాద్ దాకా ఊగకుండా వెళ్ళడమే విశేషం.

ముక్కు బరువు ఒక్కటి సరిచేస్తే చాలదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. వెనక 200 కిలోలున్నాయి కదా, ముందు మూలకు బరువైన జనరేటరు పెట్టి సరిచేద్దాం అంటారు. కాటా మీద ముక్కు బరువు సరిగ్గానే వస్తుంది. కానీ కావడి మోసినవాణ్ణి అడగండి. కావడి బద్దకు రెండు కొసల్లో రెండు బిందెలుంటే, తూకం సరిగ్గా ఉన్నా సరే, మనిషి ఒక్కసారి పక్కకు తిరిగితే బద్ద తిరుగుతూనే ఉంటుంది, ఆపడం కష్టం. అవే రెండు బిందెలు భుజానికి దగ్గరగా ఉంటే చిటికెలో ఆగుతుంది. కారవాన్లోనూ బరువైనవన్నీ ఇరుసు మీద, నేలకు దగ్గరగా ఉండాలి. రెండు కొసలూ తేలికగా ఉండాలి. ఇంగ్లండులో బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు కారును, ట్రైలరును కలిపి రకరకాలుగా బరువులు మార్చి నడిపి చూశారు. నిలకడను నిర్ణయించే వాటిలో ముక్కు బరువుకూ, బరువు ఎక్కడెక్కడ పరుచుకుందన్న దానికీ పెద్ద పీట ఉందని తేల్చారు. మన కావడి చెప్పిందే వాళ్ళూ చెప్పారు.

ఇక మూడోది వేగం. కారవాన్ గాలికో, గుంతకో పక్కకు ఊగితే దాని టైర్లు నేలను పట్టి మళ్ళీ దారికి తెస్తాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఆ ఊపు రెండు మూడు సార్లలో చచ్చిపోతుంది. వేగం పెరిగేకొద్దీ చచ్చిపోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ప్రతి జంటకూ, అంటే ఆ కారుకూ ఆ కారవానుకూ కలిపి, ఒక హద్దు వేగం ఉంటుంది. అక్కడ ఊపు తగ్గదు, పెరగదు. అది దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. నిన్న యాభైలో బాగా వచ్చింది, ఇవాళ డెబ్భైలోనూ బాగానే వస్తుంది అనుకోవడానికి వీల్లేదు. దిగుడులో ఇంకా ప్రమాదం, ఎందుకంటే కారు లాగడం మాని కారవానే కారును నెడుతుంది. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగేటప్పుడు మలుపులు, ట్రాఫిక్కు వేగం పెరగనివ్వవు కాబట్టి బతికిపోతున్నాం. అవుటర్ రింగు రోడ్డు అలా కాదు. 158 కిలోమీటర్ల పొడవున నున్నటి రోడ్డు, పైగా 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. పక్కన దూసుకుపోయేవాడు ఏ వేగంలో పోతాడో మన చేతుల్లో లేదు.

పెద్ద లారీ ట్రైలర్లు అంత పొడవున్నా ఇలా ఊగవేమని ఇక్కడున్న మిత్రులొకరు మొన్న అడిగారు. వాటి కింగ్‌పిన్ లాగే బండి వెనక ఇరుసుకు దాదాపు సరిగ్గా పైనే ఉంటుంది. కారు గుండు వెనక ఇరుసుకు మూడు నాలుగు అడుగులు అవతల ఉంటుంది. ఆ మూడడుగులే మీట. కారవాన్ ఆ మీట కొసను పట్టుకుని కారును తిప్పుతుంది.

ఇప్పుడు స్టెబిలైజరు దగ్గరకు వద్దాం. ఇంగ్లండులో వెనకటి రకానికి ఒక పొడుగాటి ఉక్కు పట్టీ, దాని మొదట్లో రాపిడి బిళ్ళలు ఉండేవి. ఆ పట్టీ కారవాన్ ముందు చట్రానికి ఆని ఊపును అడ్డుకునేది. తర్వాత వచ్చినది అల్కో వంటి జర్మనీ సంస్థలు చేసిన రకం. అందులో గిన్నెలోపలే రాపిడి మెత్తలుంటాయి. పిడిని కిందికి నొక్కితే ఆ మెత్తలు 50 మిల్లీమీటర్ల గుండును బిగబట్టుకుంటాయి. మలుపు తిరగడానికి వీలుంటుంది కానీ వదులుగా తిరగదు, బిర్రుగా తిరుగుతుంది. మన బ్రేకు షూల సంగతి తెలిసినవారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. అమెరికాలో పెద్ద కారవాన్లకు స్ప్రింగు కడ్డీలతో ముక్కు బరువును కారు ముందు చక్రాలకు కూడా పంచే తగిలింపులు వాడతారు, వాటికే ఊపును ఆపే ఏర్పాటూ జోడిస్తారు.

మరి ఇది పనిచేస్తుందా? చేస్తుంది. సందేహం లేదు. గాలి తోపులకు, లారీ పక్కనుంచి పోయినప్పటి కుదుపుకు వచ్చే చిన్న చిన్న ఊపులను మొదట్లోనే మింగేస్తుంది. డ్రైవరుకు అలసట తగ్గుతుంది. నడిపినవాళ్ళెవరూ మళ్ళీ అది లేకుండా లాగడానికి ఇష్టపడరు.

చిక్కు ఎక్కడంటే, రాపిడి బలం ఎప్పుడూ ఒక్కటే. ఊపు చిన్నదైనా పెద్దదైనా మెత్తలు పట్టే పట్టు మారదు. ఊపు రెండింతలైతే రాపిడి మింగే శక్తి కూడా రెండింతలే అవుతుంది. కానీ ఊపులో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. ఊపు మూడింతలైతే ఇది మూడింతలు, అది తొమ్మిదింతలు. అంటే హద్దు వేగం దాటిన బండిలో చిన్న ఊపును గెలిచే స్టెబిలైజరు పెద్ద ఊపు ముందు ఓడిపోతుంది. ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతా ప్రసంగం మరిచిపోయినా ఫర్వాలేదు. బరువులు తప్పుగా సర్దిన కారవానుకు స్టెబిలైజరు బిగిస్తే ఏమవుతుంది? డెబ్భైలో కనపడాల్సిన చిన్న ఊపు కనపడదు. బండి బాగుందనుకుని డ్రైవరు ఎనభై ఐదుకు వెళతాడు. అక్కడ ఒక పెద్ద తోపు వస్తే, అంతవరకు హెచ్చరిక లేకుండా వచ్చిన ఊపు ఒక్కసారే పెద్దదై వస్తుంది. కాబట్టి స్టెబిలైజరు లేకుండా ఆ వేగంలో నిలకడగా పోయే బండికే స్టెబిలైజరు బిగించాలని నా అభిప్రాయం. విడ్డూరంగా ఉందనకండి, కాలు సరిగ్గా ఉన్నవాడికే చేతికర్ర కూడా అక్కరకొస్తుంది.

జర్మనీ చట్టం దీన్ని చక్కగా తూచింది. అక్కడ కారవాన్ లాగేవారికి మామూలుగా గంటకు 80 కిలోమీటర్లే అనుమతి. 100కు పోవాలంటే విడిగా పరీక్ష చేయించుకోవాలి. టైర్లు ఆరేళ్ళ లోపువై ఉండాలి. బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు ఉన్న కారవాన్ బరువు కారు బరువులో పదింట ఎనిమిది వంతులు దాటకూడదు. స్టెబిలైజరు కూడా ఉంటే కారుతో సమానం దాకా ఒప్పుకుంటారు. అంటే స్టెబిలైజరుకు విలువ ఇచ్చారు, కానీ దాని పేరు చెప్పి టైరును, బరువును మాఫీ చేయలేదు. ఇంగ్లండులో మోటారు మార్గాల మీద కారవాన్ లాగే కారుకు గంటకు 60 మైళ్ళు, అంటే సుమారు 96 కిలోమీటర్లు పరిమితి. స్టెబిలైజరు ఉన్నా, లేకపోయినా అంతే. కొత్తగా లాగేవారు కారు బరువులో నూటికి 85 వంతులకు మించిన కారవాన్ తగిలించుకోవద్దని అక్కడి పెద్దల సలహా. మన అబ్బాయి జీపు 1900 కిలోలు, నీళ్ళతో కారవాన్ 1600. సరిగ్గా అంచు మీద ఉన్నాడు.

ఎలక్ట్రానిక్ రకం గురించి కూడా ఒక మాట. కారవాన్ పక్కకు ఊగడాన్ని ఒక సెన్సారు పసిగట్టి, డ్రైవరు ప్రమేయం లేకుండా కారవాన్ బ్రేకులను తనే పట్టిస్తుంది. కొత్త కార్లు కొన్నింటిలో కారు చక్రాల బ్రేకులనే ఒక్కొక్కటిగా పట్టి ఊపును చంపే ఏర్పాటుంది. రాపిడి రకం కంటే ఇవి పెద్ద ఊపులను బాగా ఎదుర్కొంటాయి, ఎందుకంటే ఇవి అసలు రోగమైన వేగాన్నే తగ్గిస్తాయి. కానీ కారవాన్ బ్రేకులు బాగుంటేనే. ఎండలో నెలల తరబడి నిలిపిన ట్రైలరు బ్రేకులు ఎలా ఉంటాయో మనకు తెలుసు.

ఇప్పుడు మన మెకానిక్కుల గురించి చెప్పాలి. కోప్పడకండి, నేనూ ఆ జాతివాణ్ణే. తిరిగే చోట కనిపిస్తే చాలు, గ్రీజు కొట్టకుండా మన చెయ్యి ఊరుకోదు. మామూలు తగిలింపు గుండుకు గ్రీజు పెట్టడం సరైనదే. రాపిడి స్టెబిలైజరు ఉన్న గుండుకు గ్రీజు పెడితే బ్రేకు షూకు నూనె పూసినట్టే. వేలకు వేలు పోసి తెప్పించిన వస్తువు ఆ క్షణం నుంచి వట్టి అలంకారం. గుండు పొడిగా ఉండాలి, కొత్త గుండైతే రంగు గీకేయాలి, సన్నని గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు పోయే ద్రవంతో తుడవాలి. మెత్తలు అరిగాయో లేదో ఏడాదికోసారి చూసుకోవాలి. మలుపుల్లో కీచుమని చప్పుడొస్తే సాధారణంగా మెత్తల మీద మురికి చేరిందని అర్థం. మన హెల్పరు కుర్రవాడు ఆ చప్పుడు విని గ్రీజు డబ్బా తెస్తాడు. డబ్బా లాక్కోండి.

ఇంకొకటి. మన దగ్గరి జనరేటరు ట్రైలర్లకు, ట్రాక్టరు ట్రాలీలకు ఉండేది గుండు-గిన్నె కాదు, పిన్నూ రింగూ. విదేశీ రాపిడి స్టెబిలైజరు వాటికి ఎక్కనే ఎక్కదు. ఎవరైనా వెల్డింగు చేసి ఎక్కిస్తామంటే వద్దనండి. వాటికి మందు వేరే: అరిగిన పిన్ను మార్చడం, రింగులో సందు తగ్గించడం, నెమ్మదిగా పోవడం. కారును ఎక్కించి లాగే షూటింగ్ ట్రైలర్ల సంగతి మరీ వింత. ఒక షాటుకు కెమెరా ముందుంటుంది, ఇంకో షాటుకు లైట్లతో నలుగురు వెనక నిలబడతారు. బరువు షాటుషాటుకూ మారుతుంది. వేగం తక్కువ కాబట్టి నడుస్తోంది. సీను సహజంగా రావాలని వేగం పెంచమనేవారికి "నిదానంగానే లాగి ఎడిటింగులో చూసుకోండి సార్" అని చెప్పగల డ్రైవరే అక్కడ స్టెబిలైజరు.

ఊపు మొదలైతే ఏం చేయాలి? ఇది ఇక్కడున్నవారు ఇంటికి వెళ్ళి పిల్లలకు చెప్పాలి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు వాళ్ళు కారవాన్ తగిలించుకుని జాతీయ పార్కులకు తీసుకెళ్ళడం మనలో కొందరికి అనుభవమే. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయాలి. స్టీరింగు తిన్నగా, గట్టిగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పకూడదు, మన చెయ్యి ఎప్పుడూ ఒక ఊపు ఆలస్యంగానే తిరుగుతుంది కాబట్టి ఊపుకు తోడవుతుంది. కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, కారు ఆగబోతుంటే కారవాన్ వెనకనుంచి నెట్టి అడ్డం తిరుగుతుంది. వేగం పెంచితే లాగి తిన్నగా చేయవచ్చని పాతకాలపు డ్రైవర్లు కొందరు చెప్పేవారు. అది వినకండి. కారవానుకు విడిగా ఎలక్ట్రిక్ బ్రేకు మీట ఉంటే దాన్ని మెల్లగా నొక్కవచ్చు. మన దగ్గరి ఓవర్‌రన్ బ్రేకులకు ఆ వీలు లేదు, అవి కారవాన్ కారును నెట్టినప్పుడే పడతాయి.

టైర్ల గురించి ఒక్క నిమిషం. కారవాన్ టైరు అరిగిపోయి చావదు, వయసుతో చస్తుంది. ఫిల్మ్ నగర్ ఎండలో నిలిపిన బండి టైరుకు పూలు నిండుగా ఉన్నా పక్క గోడలు బీటలు వారి ఉంటాయి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అబ్బాయి బండికి వేసినవి ఎక్కడో పాతవి కొన్నవి, చూడగానే తీయించేశాను.

చివరికి ఆ బండికి ఏం చేశామంటే, ట్యాంకును వెనక గోడ నుంచి తీసి ఇరుసుకు పైన, నేల మీదికి దించాం. గొట్టాలకు కొంత ఖర్చయింది. ముక్కు బరువు నీళ్ళున్నా లేకపోయినా 95 దగ్గరే నిలిచింది. నిండు బరువు 1600కు అది నూటికి ఆరు వంతులు. నాలుగు టైర్లు, అంటే కారవానువి రెండు, జీపు వెనకవి రెండు మార్చాం. బ్రేకు కేబుల్ తుప్పు వదిలించాం. స్టెబిలైజరు తర్వాత తెప్పించాడు, బిగించాం, గుండు మీద రంగు నేనే గీకాను. వేగం అరవై ఐదు దాటకూడదని నేను చెప్పాను. తొంభైలో లాగొచ్చా అన్న ప్రశ్న మళ్ళీ అడగలేదు.

అడగకపోవడానికి ఇంకో కారణం ఉంది. తొంభై కావాలని తను ఎందుకనుకున్నాడో కూర్చోబెట్టి అడిగాను. ఉదయం ఆరుకు కాల్‌షీట్. రాత్రి పదకొండుకు ప్యాకప్. డ్రైవరు ఇంటికి చేరేసరికి పన్నెండు, మళ్ళీ నాలుగుకు బయలుదేరాలి. మూడు గంటల నిద్ర, బేటా మాత్రం ఒకటే. ఆ మనిషి చేతికి ఏ దేశపు స్టెబిలైజరు ఇచ్చినా ఏం లాభం? ఇప్పుడు రెండో డ్రైవరును పెట్టుకున్నాడు. రాత్రి తెచ్చేవాడు ఒకడు, పొద్దున్నే తీసుకెళ్ళేవాడు ఇంకొకడు. బండి నాలుగుకు బదులు మూడున్నరకు బయలుదేరుతోంది. తాళాలు బల్ల మీద పెట్టిన పాత డ్రైవరు మళ్ళీ వచ్చి చేరాడు.

ఆ రోజు వాడిన కాటాను సంఘం ఆఫీసులో ఉంచాను, 150 కిలోల దాకా చూపిస్తుంది. ట్రైలరు గాని, పిల్లల కారవాన్ గాని ఉన్నవారు పుస్తకంలో సంతకం చేసి పట్టుకెళ్ళవచ్చు. కర్ర ముక్క కూడా దానితోనే ఉంది, దాన్ని పొయ్యిలో పెట్టకుండా తిరిగి తెచ్చివ్వమని మనవి.